అమ్మ బతికున్నన్నాళ్ళూ

ఆ తల్లి కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. దెబ్బ తగిలిన చోటు కందుతుంది, నాలుగు రోజులకు మానుతుంది. కొట్టినవాళ్ళ మీద కోపం పెట్టుకుని అయినా బతకవచ్చు. ఆ తల్లి కోపానికి కూడా చోటు మిగల్చలేదు.

తర్వాత మేమంతా గంజి మేస్త్రి అని పిలిచిన మనిషికి అప్పుడు పదహారేళ్ళు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో పెద్దకొడుకు. నేను మాత్రం మొదటి నుంచి చివరిదాకా "ఆమె" అనే రాస్తాను. పదహారేళ్ళప్పుడూ ఆమే, అరవై దాటాకా ఆమే. మధ్యలో లోకం ఇంకోరకంగా పిలిచిందంటే అది లోకం పొరపాటు, నేను దిద్దుతున్నాను.

ఆ రోజు సాయంత్రం తల్లి వంట చేస్తోంది. చెల్లెలు ముందుగదిలో బడి పాఠం పైకి చదువుకుంటోంది. తండ్రి ఇంకా పని నుంచి రాలేదు. మేస్త్రి వంటింటి గడప దగ్గర నిలబడి, పొయ్యి మీది గిన్నెకేసి చూస్తూ చెప్పేసింది.

"అమ్మా, నేను అబ్బాయిని కాదమ్మా. ఊహ తెలిసినప్పట్నుంచీ కాదు. నాకెవరికి చెప్పాలో తెలీక నీకు చెబుతున్నాను."

తల్లి పొయ్యి ఆర్పింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది. మేస్త్రి చెయ్యి పట్టుకుని తన నడినెత్తి మీద పెట్టుకుంది.

"నేను బతికుండగా ఈ మాట నీ నోట మళ్ళీ రాకూడదు. ఈ తలపుతో ఏ పనీ చెయ్యకూడదు. నా మీద ఒట్టెయ్యి. తప్పావంటే నన్ను నీ చేత్తో చంపినట్టే."

మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. తల్లి మణికట్టు వదల్లేదు.

"ఎయ్యి."

"ఒట్టు."

అంతే. తండ్రికి చెప్పలేదు, చెల్లెలికి తెలియనివ్వలేదు. పీట వేసి, కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆమెకే వడ్డించి, తినేదాకా పక్కనే కూర్చుని తల నిమిరింది. "ఒంట్లో వేడి చేసినట్టుంది నాన్నా, అందుకే ఏవేవో ఆలోచనలు. తగ్గిపోతాయిలే" అంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఈ సంగతి నాకు చెబుతూ మేస్త్రి అన్న మాట ఇది: "అంత ప్రేమగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదురా. ఆ రోజు కూర కూడా నాకిష్టమైందే."

*

మేం పనిచేసిన చోటు ఒక పెద్దాసుపత్రి లాండ్రీ. ఆసుపత్రికి వెనక, వంటశాలకీ శవాల గదికీ మధ్య ఉండే పొడవాటి హాలు. ఒక పక్క ఉతికే డ్రమ్ములు, ఇంకో పక్క ఆరబెట్టే యంత్రాలు, మధ్యలో ఇస్త్రీ రోలర్లు, కిటికీల వైపు మడతపెట్టే బల్లలు. ఎండాకాలం ఆవిరికి ఒళ్ళు ఉడికిపోయేది. చలికాలం ఆ హాలే స్వర్గం, ఆసుపత్రి గుమాస్తాలు కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు.

డాక్టర్ల కోట్లకు గంజి పట్టించడం మేస్త్రి పని. ఆమె చేతి గంజి అట్టలా బిగిసేది కాదు, వేలాడేదీ కాదు. దానివల్లే ఆ పేరు వచ్చిందని పైకి అనేవాళ్ళు. లోపలి కారణం వేరు. మనిషే గంజి పెట్టినట్టుండేది. నవ్వేది కాదు, ఒకరి భుజం మీద చెయ్యి వేసేది కాదు. ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసే ఒకామె ఉంది, మేమంతా ఇస్త్రీ అక్క అంటాం, ఆ నోటికి తాళం లేదు. ఆవిడ అనేది: "నవ్వితే మొహం మీద మడత పడుతుందని భయం మా మేస్త్రికి."

పని అయిపోతే మేస్త్రి నేరుగా ఇంటికే. టీకి రమ్మన్నా, ఎవరింట్లో పెళ్ళికి పిలిచినా ఒకటే జవాబు: "ఇంట్లో అమ్మ." పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినా అదే జవాబు.

గంజి పని ముగిశాక మేస్త్రి కూడా మడతల బల్ల దగ్గరికి వచ్చేది. పెద్ద దుప్పట్లు ఒక్కరివల్ల కావు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని వెనక్కి నడవాలి, బిర్రుగా లాగాలి, ఒక్కసారి విదిలించాలి, మళ్ళీ ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చుకోవాలి. ఆ ఇద్దర్నీ జోడీ అంటారు. లాగుడు సమానంగా లేకపోతే మడత వంకర పోతుంది, అందుకని ఏళ్ళ తరబడి ఒకే జోడీ సాగుతుంది. "లాండ్రీలో జోడీ అంటే పెళ్ళేరా, విడాకులొక్కటే సులువు" అని ఇస్త్రీ అక్క చెప్పింది నేను చేరిన రోజు.

ఆ తల్లిని నేను ఒక్కసారి చూశాను. మేస్త్రి వాళ్ళ మేడకు లిఫ్టు చెడిపోయి, ముసలావిణ్ణి ఆసుపత్రికి దించడానికి సాయం కావాలంటే వెళ్ళాను. రెండు గదులు. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ఒక కుర్చీ, కుర్చీ చేతుల మీద రంగు పోయి చెక్క కనబడుతోంది. మేస్త్రి మంచమంటూ వేరే లేదు, గోడకు చుట్టి నిలబెట్టిన పరుపొకటి ఉంది. ముసలావిడ మడమల కింద చిన్న దిండ్లు, మోచేతుల కింద మెత్తటి గుడ్డలు. వార్డులో నర్సు ఆవిణ్ణి తిప్పి చూసి ఆశ్చర్యపోయింది. "ఇన్నేళ్ళు మంచం పట్టిన మనిషి వీపు మీద ఒక్క పుండు లేదే! ఎవరు చూసుకుంటున్నారు?" అంది.

మాతో వచ్చిన పక్కింటావిడ అందుకుంది. "ఈయనే! ఇలాంటి కొడుకు కోటికొక్కడమ్మా. వచ్చే జన్మలో నా కడుపున పుట్టాలని దణ్ణం పెట్టుకుంటాను."

మేస్త్రి మొహం చెంప మీద కొట్టినట్టు అయింది. మొహమాటమనుకున్నాను. నేను చాలా పుస్తకాలు చదివాను, మనుషుల మొహాలు చదవడం వచ్చనుకునేవాణ్ణి. ఏమీ రాదు.

*

తల్లి పోయాక కొన్నాళ్ళు సెలవు పెట్టి మేస్త్రి పనికి తిరిగి వచ్చిన రోజున బూడిదరంగు గౌను వేసుకుని వచ్చింది. చిన్న చిన్న పూలున్న గౌను, మోకాళ్ళ కిందికి. జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది, ఒక పక్క క్లిప్పు పెట్టింది. డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి, బల్లల దగ్గర చేతులు మాత్రం ఆగిపోయాయి.

మొదట నోరు తెరిచింది ఇస్త్రీ అక్కే. "ఏంటి మేస్త్రీ, ఆడవాళ్ళ కష్టాలు తక్కువైపోయాయని వచ్చావా? మేం చాలడం లేదా?"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వింది. నేనెప్పుడూ చూడని నవ్వు, మొహమంతా మడతలు పడింది.

"ఇన్నాళ్ళు లేనిది, ఈ వయసులో ఇదేం పుట్టింది నీకు?" అంది అక్క మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి.

"పుట్టడం నాతోనే పుట్టింది అక్కా. బయటికి రావడమే ఆలస్యం అయింది."

నవ్వు అక్కడితో అయిపోయింది. మడతల దగ్గర ఆమె జోడీ, ఏళ్ళ తరబడి ఆమెతో దుప్పట్లు లాగినవాడు, కొస చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పడేశాడు. "నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడు. దుప్పటి మడతపెట్టడానికీ పెళ్ళాం పిల్లలకీ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. రెండోవాడు నడుంనొప్పి అన్నాడు. మూడోవాడు ఏమీ అనకుండా డ్రమ్ముల వైపు వెళ్ళిపోయాడు. మేస్త్రి దుప్పటి ఒక కొస పట్టుకుని నిలబడే ఉంది, రెండో కొస నేల మీద.

సూపర్‌వైజర్ నన్ను పంపాడు. నా మీద ప్రేమతోనో ఆమె మీద జాలితోనో కాదు. నోరు ఊరుకోదని నాతోనూ ఎవరూ జోడీ కట్టేవాళ్ళు కాదు. కుంటెద్దుకీ గుడ్డెద్దుకీ జత కుదిర్చినట్టు కుదిర్చాడు.

"మిమ్మల్నేమని పిలవాలి?" అని అడిగాను, కొసలు మార్చుకుంటూ.

"మేస్త్రి అనే అనరా. ఆ మాటకు మీసమూ లేదు, జడా లేదు."

అలా మొదలైంది. ఆమె కథ నాకు ఒక చోట కూర్చుని చెప్పింది కాదు. దుప్పటి లాగడానికి దూరంగా వెళ్ళినప్పుడు ఆగిపోయేది, కొసలు మార్చుకోవడానికి దగ్గరికి వచ్చినప్పుడు ఇంకో రెండు మాటలు. తల్లి బతికుండగా నోట రానివ్వనన్న మాటని ఆ తల్లి పోయాకే మళ్ళీ పైకి అంది. అది కూడా హాల్లో, డ్రమ్ముల మోతలో, నాలాంటి వాడి ముందు.

ఒట్టేసిన కొత్తలో తన బాధకు లోకంలో పేరుందని కూడా ఆమెకు తెలియదు. తనొక్కతే ఇలా పుట్టాననుకుంది. తండ్రి పోయాక లాండ్రీలో చేరింది, చెల్లెల్ని చదివించింది, పెళ్ళి చేసింది. ముప్ఫై దాటాక ఒకరోజు హాల్లో రేడియోలో ఎవరో డాక్టరు మాట్లాడుతున్నాడు. మగవాళ్ళుగా పుట్టారనుకున్నవాళ్ళు ఆడవాళ్ళుగా బతకడం గురించి, మందుల గురించి, ఆపరేషన్ల గురించి. మేస్త్రి సరిగ్గా వినబడటం లేదని డ్రమ్ము ఆపేసింది. ఎవరో "ఏమైంది, చెడిపోయిందా?" అని అరిచారు. "ఏం లేదు" అని మళ్ళీ నడిపించింది. ఆ మిగతా మాటలు ఆమె వినలేదు. కాని తనొక్కతే కాదని మాత్రం ఆ రోజుతో తెలిసిపోయింది.

"అప్పుడైనా వెళ్ళిపోవాల్సింది!" అన్నాను నేను.

"ఎక్కడికి వెళ్ళను? చెయ్యి ఆవిడ నెత్తి మీదే ఉండిపోయిందిగా."

తల్లి పెళ్ళి సంబంధాలు తెచ్చింది. "ఒక ఆడపిల్ల గొంతు కోయలేనమ్మా" అని ఒక్కసారే అంది మేస్త్రి. తల్లి ఆమె మొహంలోకి చూసి ఇంకెప్పుడూ పెళ్ళి మాట ఎత్తలేదు. ఒట్టు తర్వాత, తల్లి తెలివిలో ఉండగా, ఆ విషయం వాళ్ళిద్దరి మధ్య నడిచింది ఆ ఒక్కసారే, అదీ పేరు పెట్టకుండా.

తర్వాత తల్లికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇదే ఆసుపత్రి. ఇక ఆశ లేదు, పిలవాల్సిన వాళ్ళని పిలుచుకోండన్నారు. పొద్దున్నే వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంటే మేస్త్రికి ఒక ఆలోచన వచ్చింది. "అయితే ఇంక నేను..." అంతవరకే. ఆ వాక్యం పూర్తి కాకముందే లేచి నిలబడిందట. గోడకు తల కొట్టుకుందామనిపించిందట. లోపలికి వెళ్ళి తల్లి మంచం పక్కన కూర్చుంది. నర్సులు పొమ్మన్నా పోలేదు. వీపు నిమిరింది, కఫం తీసింది, చెంచా చెంచాగా తాగించింది. తల్లి బతికింది.

పూర్తికాని ఆ వాక్యానికి మేస్త్రి మిగిలిన వయసంతా శిక్ష అనుభవించింది. ఆ రోజు నుంచి తల్లికి చేసిన సేవ సేవ కాదు, ప్రాయశ్చిత్తం. ఉప్పు తగ్గించిన వంట, వేళకు మందు, వేళకు పక్క మార్చడం. ఎంత బాగా చూసుకుంటే తల్లి అంత ఎక్కువకాలం బతికింది. తల్లి ఎంత ఎక్కువకాలం బతికితే ఆమె వంతు బతుకు అంత తరిగిపోయింది. ప్రతి మందుబిళ్ళతోనూ తన బతుకులోంచే ఒక రోజు తీసి తల్లి నోట్లో వేస్తోందని ఆమెకు తెలుసు. తెలిసే వేసింది. "మీ అమ్మగారు మిమ్మల్ని సాగనంపి గాని కదలరు" అని డాక్టరు హాస్యమాడితే నవ్వింది. కోటికొక్క కొడుకని పక్కింటావిడ పొగిడితే, ఆ రోజు నేను చూసిన మొహం పెట్టింది.

చివరి ఏళ్ళలో తల్లికి మతిమరుపు వచ్చింది. ఎవర్నీ గుర్తుపట్టేది కాదు. ఒక మధ్యాహ్నం మేస్త్రి ఆవిడ తల దువ్వుతూ ధైర్యం చేసింది.

"అమ్మా, చిన్నప్పుడు నా చేత ఒట్టేయించుకున్నావు, గుర్తుందా?"

"ఏం ఒట్టు?"

"వంటింట్లో. నీ నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్యమ్మా. ఇంక చాలు."

తల్లి తల తిప్పి, దువ్వెన పట్టుకున్న మనిషిని మర్యాదగా చూసింది.

"నాకవన్నీ ఏం తెలుస్తాయి తల్లీ. మా అబ్బాయి సాయంత్రం వస్తాడు, వాణ్ణడుగు. వాడు చాలా మంచివాడు. నా మాట జవదాటడు."

మేస్త్రి ఇది చెప్పినప్పుడు దుప్పటి మా ఇద్దరి మధ్య బిర్రుగా ఉంది. నేను లాగడం మరిచిపోయాను.

"తల్లీ అంది చూడు నన్ను" అంది ఆమె. "జన్మకి ఒక్కసారి. ఎవరనుకుని అందో మరి."

"ఆవిడే మరిచిపోయాక ఇంకా ఒట్టేంటి? అక్కడితో తెగిపోయినట్టేగా!"

"పుచ్చుకున్నావిడ మరిచిపోయింది. ఇచ్చింది నేను, నేను మరిచిపోలేదుగా. లాగు, వంకర పోతోంది."

*

తల్లి పోయిన తర్వాత ఆమె వెళ్ళి డాక్టర్ని కలిసింది. గుండె బలహీనంగా ఉంది, ఆడ హార్మోన్ల మందు తక్కువ మోతాదులో ఇస్తాను, పెద్ద మార్పులేమీ ఆశించొద్దన్నాడు. "ఒక ఇరవై ఏళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడట, వయసు మళ్ళినవాళ్ళందరితో అనే మాటలాగే.

"ఇరవై ఏళ్ళ ముందు మా అమ్మ బతికే ఉంది డాక్టరు గారూ" అందట మేస్త్రి.

అయినా మందు వేసుకున్న కొద్ది నెలల్లో ఆమె మారింది. ఒంట్లో ఏం మారిందో నాకు తెలియదు, నడక మారింది. నడకలో గంజి పోయింది. ఇస్త్రీ అక్క రెండు మూడు వారాలు దెప్పి దెప్పి, చివరికి ఒకరోజు తన పాత చెవిపోగులు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నాకు కురుపులొస్తున్నాయి వీటితో. పారెయ్యడం ఎందుకని" అంది. మేస్త్రి చెవులు కుట్టించుకుని లేదు. అయినా గౌను జేబులో వేసుకుని తిరిగేది.

ఒక్కోసారి మాత్రం దిగులు కమ్మేది. "నేను ఆడపిల్లని కాలేదురా. పడుచుదాన్నీ కాలేదు, నడివయసుదాన్నీ కాలేదు. సరాసరి ముసలిదాన్నయ్యాను. సినిమాకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తే శుభం కార్డు ఒక్కటి చూపించి లైట్లేసినట్టుంది" అంది ఒకసారి. నేను నవ్వలేదు. ఆమె నవ్వింది.

ఆమెకు లోకంలో మిగిలిన రక్తసంబంధం చెల్లెలు ఒక్కతే. ఆ అమ్మాయికి జడలు వేసింది మేస్త్రే, జ్వరమొస్తే మోసుకు తిరిగింది మేస్త్రే. తల్లి పోయాక చెల్లెలికి ఎలా చెప్పాలో తెలీక నీళ్ళు నమిలింది. "దానికి నేను కావాలి. దానికి కాకపోతే నేనింక ఎవరికీ ఏమీ కాను" అనేది. ఎవరో ముందే చేరవేశారు. ఒకరోజు భోజనాల వేళ, మాసిన బట్టల బండ్లు నిలబెట్టే వెనక గుమ్మం దగ్గరికి చెల్లెలు వచ్చింది. నేను ఆ బండ్ల దగ్గరే కూర్చుని తింటున్నాను. లేచి వెళ్ళబోతే మేస్త్రి చేత్తో ఉండమంది. ఒంటరిగా నిలబడలేకనేమో.

"అన్నయ్యా..." అని అలవాటుగా మొదలుపెట్టి చెల్లెలు ఆగిపోయింది. గౌను వంక, క్లిప్పు వంక చూసింది. ఆవిడ కూడా యాభై దాటిన మనిషి. ఇద్దరికీ ఒకే ముక్కు, ఒకే నుదురు. "ఏంటిది?"

"నేనేనే. ఎప్పుడూ ఇదే నేను."

"అమ్మ పోయి ఏడాదైనా కాలేదు."

"అవును."

"అమ్మ ఉన్నప్పుడు లేదుగా ఇది!"

"ఉంది. లోపలుంది."

"అంటే..." చెల్లెలు బండి అంచు పట్టుకుంది. "అంటే అమ్మ ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నావా? ఇన్నేళ్ళూ? నేను ఊరంతా చెప్పుకున్నాను, మా అన్నయ్య దేవుడని. పక్క మారుస్తూ, మందులేస్తూ, లోపల లోపల ఎదురుచూశావా?"

మేస్త్రి చెయ్యి జేబులో చెవిపోగుల దగ్గరికి వెళ్ళింది.

"కాదని చెప్పు. నీ గౌను, నీ జుట్టు, అవన్నీ నీ ఇష్టం. మావాళ్ళు ఏమన్నా నేను పడతాను. నిన్నెలా పిలవమంటే అలా పిలుస్తాను, అలవాటు చేసుకుంటాను. ఆ ఒక్క మాటా కాదని చెప్పు చాలు. ఎదురుచూడలేదని చెప్పు. నేను నమ్ముతాను."

ఒక్క మాట. లేదే పిచ్చిదానా అంటే అయిపోయేది. లోకంలో మనుషులు ఇంతకంటే చిన్న లాభాలకి ఇంతకంటే పెద్ద అబద్ధాలాడతారు, ఆడి హాయిగా నిద్రపోతారు. మేస్త్రి పెదాలు కదిలాయి. మాట రాలేదు. తల కిందికి దించుకుంది.

చెల్లెలు అలాగే నిలబడి చూసింది. ఎదురుగా ఉన్న మనిషి తలెత్తుతుందేమోనని చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మాసిన బట్టల బండిని పక్కకు తోసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

"ఎందుకు కాదనలేదు?" అని నేను అరిచాను. నిజంగానే అరిచాను. "ఒట్టు సంగతైనా చెప్పాల్సింది! తప్పు మీది కాదని తెలిసేది!"

"దానికి ఉన్నది ఒక్క అమ్మ. పోయిన అమ్మని కూడా పాడుచేసి ఇవ్వమంటావా?" అని మేస్త్రి బల్ల దగ్గరికి నడిచింది. "పద. దుప్పట్లున్నాయి."

*

ఆ చలికాలం ఆమె కాలు వాచింది. రక్తం గడ్డకట్టిందన్నారు. మందు వల్లేనని, ఇంక వేసుకుంటే ప్రాణానికే ముప్పని మందు మానిపించారు. లాండ్రీ మాన్పించారు. నిలబడి చేసే పని కాబట్టి, మాన్పించడానికి వాళ్ళకి మంచి కారణమే దొరికింది. నేనూ అప్పటికే వేరే ఊళ్ళో పని చూసుకున్నాను. ఒక చోట కుదురుగా ఉండటం నాకు చేతకాదు.

వెళ్ళే ముందు చూడటానికి వెళ్ళాను. అదే మేడ, అవే గదులు. ఇప్పుడు కిటికీ పక్క మంచం మీద మేస్త్రి, వాచిన కాలు దిండు మీద. జుట్టు మెడ దాకా పెరిగింది, తెల్లగా, పల్చగా. చెంపల మీద మళ్ళీ గరుకు కనబడుతోంది. నేను చూడటం చూసి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఆ ఒక్క పనితో నాలో ఉన్న కోపమంతా పైకొచ్చింది.

"మీ అమ్మ మీ బతుకంతా మింగేసింది. మిగిలిన ఎంగిలి మీకు పెట్టింది. మీరింకా ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నారు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆవిడ భయపడిందిరా. నన్ను బయట ఎవరో కొట్టి చంపుతారని భయపడింది. భయపడ్డ మనిషి చేతికేది దొరికితే అది పట్టుకుంటుంది. ఆవిడకి నా చెయ్యి దొరికింది."

"అయితే చెల్లెలికి అదైనా చెప్పాల్సింది. ఎదురుచూడలేదని ఒక్క మాట..."

"ఎదురుచూశానురా."

ఆమె నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ అంది.

"అది అన్నది నిజమే. నిజం కాకపోతే దాంతో దెబ్బలాడేదాన్ని, జుట్టు పట్టుకుని గుమ్మంలోకి లాక్కొచ్చేదాన్ని. రోజూ ఎదురుచూశాను. మందు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇది వెయ్యకపోతే అనుకున్నాను. వేశాను. మళ్ళీ అనుకున్నాను. మళ్ళీ వేశాను. ఆవిడ పోయిన రోజు ఏడుస్తూనే ఉన్నాను, లోపలెక్కడో తలుపు గొళ్ళెం ఊడిన చప్పుడు కూడా విన్నాను. అమ్మ మీద ఒట్టేసి ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నాను, మళ్ళీ అమ్మ పేరు మీద చెల్లి దగ్గర అబద్ధం కూడా ఆడాలంటే నావల్ల కాలేదు."

నేను లేచాను. వెళ్ళొస్తానన్నాను. గుమ్మం దాకా వెళ్ళాక పిలిచింది.

"ఒరేయ్, నువ్వు ఏవేవో రాస్తుంటావని ఇస్త్రీ అక్క చెప్పింది. నాది కూడా ఎప్పుడైనా రాస్తే, అన్నీ రాయి. మా చెల్లి చదివినా చదువుతుంది. అమ్మ ఒట్టు వేయించుకుందనీ రాయి, నేను ఎదురుచూశాననీ రాయి, ఒక్క పూట కూడా మందు తప్పించలేదనీ రాయి. ఏ ఒక్కటీ విడిగా రాయకు. విడిగా రాస్తే అమ్మా నేనూ, మా ఇద్దర్లో ఎవరో ఒకరం చెడ్డవాళ్ళయిపోతాం."